వెలుగొచ్చిన గంటన్నరకి

నానిన శనగలకి పొట్టు తీస్తోంది నుహైలా. గింజని రెండు వేళ్ళ మధ్య పెట్టి కాస్త నొక్కితే అది జారి గిన్నెలో పడుతుంది, పొట్టు మాత్రం వేలిని వదలదు, విదిలిస్తే పళ్ళెంలో పడకుండా మోచేతికి అంటుకుంటుంది, ఒకటి ఎలా ఎగిరిందో వచ్చి చెంప మీద కూర్చుంది. హరీరా సూపులో శనగలకి పొట్టుంటే ఏమవుతుంది? ఏమీ అవదు. కొండ మీద వాళ్ళ ఊళ్ళో అమ్మ పొట్టుతోనే వేసేది, ఇంటిల్లిపాదీ పొట్టుతోనే తాగేవారు, ఎవరికీ గొంతుకి అడ్డం పడలేదు. కానీ ఇది మెక్నెస్ పట్నం, ఇది అత్తగారు లల్లా ఖదూజ్ వంటిల్లు. ఇక్కడ పొట్టున్న శనగ ఒక్కటి తేలినా లల్లా దాన్ని చెంచాతో తీసి గిన్నె అంచున పెడుతుంది, పెట్టి ఊరుకుంటుంది. తిట్టినా బాగుండును. రంజాన్ నెలలో ఇది పన్నెండో రోజు, పన్నెండు రోజులుగా కాఫీ లేని తలనొప్పి పొద్దున కుడి కణత దగ్గర మొదలై సాయంత్రానికి మెడలోకి దిగుతోంది, పన్నెండు గిన్నెల శనగలు వలిచింది, ఇంకా పద్దెనిమిది గిన్నెలున్నాయి. పద్దెనిమిది. ఆ అంకె ఎక్కడిదో గుర్తొచ్చి ఒళ్ళు మండింది. వంటింట్లో కూడా వదలవా ఈ ఎలుకలు?

పక్క గదిలో బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. పేపరు పూర్తయింది, బొమ్మలు పూర్తయ్యాయి, ఒక్క మీట నొక్కితే కాసాబ్లాంకా సదస్సుకి వెళ్ళిపోతుంది, గడువు ఈ రాత్రి పన్నెండు. ప్రొఫెసర్ లహ్లూ మధ్యాహ్నం నుంచి నాలుగు మెసేజ్‌లు పెట్టాడు. పంపావా అని ఒకటి, మూడో బొమ్మ మీద నక్షత్రాలు పెద్దవి చెయ్యమని ఒకటి, ఇంకా పంపలేదా అని ఒకటి, నాలుగో దాంట్లో మాటే లేదు, ప్రశ్నార్థకం ఒక్కటే. తేడా ఎంత గట్టిదైతే బొమ్మ మీద అన్ని నక్షత్రాలు పెడతారు, మూడుంటే ఇక ఎవరూ నోరెత్తరు. పడుచు ఎలుకల కళ్ళకీ ముసలి ఎలుకల కళ్ళకీ మధ్య నుహైలాకి మూడు నక్షత్రాలు వచ్చాయి. అవి వచ్చిన రోజు లహ్లూ తన గది తలుపేసి మరీ చెప్పాడు, పండగయ్యాక లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది, ఈ పేపరుంటే పోస్టు నీ చేతిలో ఉన్నట్టే అని. లేకపోతే ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేదు. ముప్పై ఏళ్ళొచ్చాయి, మూడేళ్ళుగా జీతం లేని పరిశోధన, ఈ ఇల్లు నడిచేది భర్త ఫౌజీ బడి జీతం మీద, లల్లా పెన్షన్ మీద. పంపేసి వచ్చి శనగలు వలిస్తే సరిపోయేది. పంపేద్దామనే కూర్చుంది కూడా. మీట మీద వేలు పెట్టేసరికి లల్లా వంటింట్లోంచి పిలిచింది, శనగలు అలాగే ఉన్నాయి బిడ్డా అని.

ఈ పొట్టు, ఈ వలవడం, రోజూ ఉండే పనే. ఇవాళ చేస్తే రేపటికి చేసినట్టు కాదు. కన్ను వెనక గోడకి ఒక పొర కణాలుంటాయి, ఒక్కో కణం మీద పుల్లల్లాంటి దండ కణాలు ముప్పయ్యో నలభయ్యో కొసలు ఆనించి నిలబడి ఉంటాయి, చూపంతా ఆ దండలదే, పేరంతా వాటిదే. పొద్దున వెలుగు పడగానే అవి తమ కొసల్ని విడిచేస్తాయి, విడిచిన ముక్కల్ని కింది పొర మింగాలి, మింగి తన లోపలి లైసోజోము సంచుల్లోకి తోసుకోవాలి, ఆ సంచుల్లో పుల్లటి ద్రవం, ఆ ద్రవంలో ఎంజైములు, అవి ముక్కని కరిగించి పనికొచ్చేది వెనక్కిచ్చి మిగతాది బయట పడేయాలి. మర్నాడు మళ్ళీ వెలుగు, మళ్ళీ ముక్కలు. ఈ పని చేసే కణాలు కొత్తవి పుట్టవు, పుట్టినప్పుడు ఎన్నో చచ్చేదాకా అన్నే, సెలవు లేదు, ఒకరి పని ఇంకొకరు అందుకోవడం లేదు. ఎంజైము డీలా పడితే కరగనిది లోపలే గడ్డకడుతుంది, పసుపూ గోధుమా కలిసిన మడ్డి, నీలి కాంతి వేసి చూస్తే మైక్రోస్కోపులో నిప్పురవ్వలా మెరుస్తుంది. ఆ మెరుపు మొదటిసారి చూసినప్పుడు అందంగా ఉందనుకుంది, తర్వాత తెలిసింది అది చెత్త అని. వెలుగొచ్చిన గంటన్నరకి ఈ పని ముమ్మరంగా ఉంటుంది. ఆ సమయానికి కన్ను తీసి, మింగిన ముక్కలు ఎన్ని, ఎంజైము ఎంత చురుగ్గా ఉంది కొలిస్తే కణం సత్తా తెలుస్తుంది. గంట అటైతే ఇంకా మొదలవదు, గంట ఇటైతే అయిపోతుంది. మూడేళ్ళ పని మొత్తం ఆ గంటన్నర మీద నిలబడి ఉంది.

ఇదంతా ఒకసారి లల్లాకి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. లల్లాకి రెండేళ్ళుగా నేల మీది పలకల గీతలు వంకరగా కనపడుతున్నాయి, మనుషుల ముఖాల మధ్య మసక మచ్చ, కంటి డాక్టరు వెనక పొరలో మడ్డి చేరిందన్నాడు, వయసు అన్నాడు, పాలకూర తినమన్నాడు. కోడలు చెప్పిందంతా విని లల్లా చాలాసేపు ఆలోచించి, అయితే నా కంట్లో పనిమనిషి పని ఎగ్గొడుతోందన్నమాట, అంది. అక్కడితో ఆగితే పర్లేదు. మర్నాటికల్లా పక్కింటివాళ్ళకీ పాలవాడికీ స్నానశాలలో ఒళ్ళు రుద్దే ఆవిడకీ తెలిసిపోయింది, లల్లా ఖదూజ్ కోడలు కళ్ళ జబ్బు కారణం కనిపెట్టింది, మందు ఒక్కటే మిగిలింది అని. అప్పటి నుంచి మెట్ల మీద ఎవరు ఎదురైనా కింది రెప్ప లాగి చూపిస్తారు. నీళ్ళు కారుతున్నాయి చూడు. ఎర్రగా ఉంది చూడు. నేను డాక్టర్ని కాదు, ఎలుకల కళ్ళు చూస్తాను అంటే, అదేలే, ఎలుకవి చూసేదానివి మనిషివి చూడలేవా అంటారు. ఇంకో గింజ జారిపోయి పొయ్యి కిందకి దొర్లింది. పోనీ. పొయ్యి కింద లల్లాకి ఎలాగూ కనపడదు. అనుకున్నందుకు సిగ్గేసి వంగి తీసింది.

వంగి లేస్తూ గోడ గడియారం చూసింది. ఐదూ ఇరవై. అంటే ఆరూ ఇరవై. ఆరూ పాతిక్కి అజాన్, ఇంకా సూపులో పిండి కలపలేదు, గుడ్లు ఉడకలేదు, ఖర్జూరాలు కడగలేదు. గిన్నె పట్టుకుని ఒక్క ఉదుటున లేచింది, సగం శనగలు నేల మీద పడ్డాయి, ఐదు నిమిషాలే ఉంది లల్లా, సూపు ఇంకా పలచగానే ఉంది అంటోంది, మాట తడబడుతోంది. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న లల్లా వెనక్కి తిరగను కూడా తిరగలేదు.

"కూర్చో బిడ్డా. నా గడియారం ఏడాదికి ఒక్క నెల నిజం చెబుతుంది. ఆ నెల కూడా దాన్ని నమ్మవా?"

నిజమే. ఏడాదంతా ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకి నడిపిస్తుంది, రంజాన్ నెలకి మాత్రం గంట వెనక్కి తెస్తుంది. ఫోన్లు వాటంతటవే మారిపోతాయి. లల్లా గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. ప్రభుత్వం టైము ప్రభుత్వాన్నే ఉంచుకోమను, నా వంటింట్లో పాత టైమే అని ఆవిడ పట్టు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నుహైలా ఈ గడియారం చూసి మనసులో గంట కలుపుకుంటూనే ఉంది, అలవాటు ఎంత ముదిరిందంటే కలుపుతున్నట్టే తెలీదు. ఊళ్ళో బడిలోనూ ఇదే గొడవ. టైము మార్చిన సోమవారం సగం తరగతి గంట ఆలస్యంగా వచ్చేది, ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు, తెలిసినా మేకలకి తెలీదు. మాస్టారు సీ మిమూన్ వాళ్ళని వరండాలో నిలబెట్టేవాడు. నుహైలా ప్రతి ఏడూ నిలబడేది. కిటికీలోంచి లోపలివాళ్ళు రాసుకోవడం చూస్తూ అనుకునేది, నేను రోజూ వచ్చినట్టే ఎండ గేటు మీద పడ్డప్పుడు వచ్చాను, ఆలస్యం ఎక్కడ జరిగింది? అప్పుడూ ఇంతే, కోపం ఉండేది, కోప్పడటానికి మనిషి ఉండేవాడు కాదు. నేల మీది శనగలు ఏరుతోంది. ఫోను మారింది, తను మారింది, గడియారం మారలేదు. ఎవరూ చెయ్యి వెయ్యని గడియారం. చెయ్యి వెయ్యని.

ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. కాలేజీ కింది అంతస్తులో, ఎలుకల గది తలుపు పక్కన, గోడకి ఒక గుండ్రటి గడియారం ఉంది. చుట్టూ పళ్ళలాంటి చిన్న మేకులు. పొద్దున ఏడు దగ్గర ఒక మేకు, అక్కడికి ముల్లు రాగానే దీపాలు వెలుగుతాయి. సాయంత్రం ఏడు దగ్గర ఇంకోటి, ఆరిపోతాయి. కిటికీ లేని ఆ గదికి అదే సూర్యుడు. ఎలుకల్ని చూసుకునే బా జిలాలీ రెండేళ్ళ కిందట తన ముందే దాన్ని స్క్రూడ్రైవరుతో బిగించాడు, అప్పటి ప్రభుత్వం టైముకి. పడుచు ఎలుకల కళ్ళు తీసింది జనవరిలో, ఎనిమిదిన్నరకి, సరిగ్గా వెలుగొచ్చిన గంటన్నరకి. ముసలివాటి కళ్ళు తీసింది రంజాన్ మొదలయ్యాక, ఆరు రోజులు, రోజుకి మూడు, ఎనిమిదిన్నరకి, ఫోను చూసుకుని. ఏ ఎనిమిదిన్నర? ఫోను వెనక్కి వచ్చింది. గోడ మీది ముల్లు వెనక్కి రాకపోతే దీపాలు ఫోను లెక్కన ఆరింటికే వెలిగి ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిదిన్నర. రెండున్నర గంటలు. తప్పు లెక్కేమో అని వేళ్ళ మీద మళ్ళీ వేసింది, మళ్ళీ రెండున్నరే. ఏ రోజు గది తలుపు తీసినా లోపల వెలుగే ఉంది. వెలుగు ఎప్పట్నుంచి ఉందో వెలుగు చెప్పదు. నోటుపుస్తకంలో మాత్రం పద్దెనిమిది సార్లు, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర.

బా జిలాలీ మార్చి ఉండొచ్చు. ముసలాయన, నెల ముందే అన్నీ సర్దుకునే మనిషి, మార్చే ఉంటాడు. మార్చలేదని ఎందుకనుకోవాలి? వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది, మోగుతున్నంతసేపూ మార్చానని చెప్పు, మార్చానని చెప్పు అనుకుంటూనే ఉంది. అతను ఆరోగ్యం అడిగాడు, లల్లా ఆరోగ్యం అడిగాడు, ఫౌజీ గురించి అడిగాడు, వంటేమిటని అడిగాడు, అన్నిటికీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాక అడగనిచ్చాడు. అడిగితే నవ్వాడు.

"ఎలుకలకి రంజాన్ ఎక్కడిది డాక్టరమ్మా? అవి ఉపవాసం ఉంటాయా, నమాజుకి పోతాయా? వాటి టైము నేనెందుకు మారుస్తాను?"

నుహైలా గోడకి ఆనుకుంది. అతను చెప్పుకుపోతున్నాడు, పరవాలేదు, కావాలంటే ఇవాళే మార్చేస్తాను, గేటు దగ్గర కాపలావాళ్ళతో ఇఫ్తార్ చేస్తున్నాను, సూపు తాగి కిందకి వెళ్ళి ముల్లు గంట జరిపితే సరి, రెండు నిమిషాల పని, అన్నాడు. సరే బా జిలాలీ అంది. ఏమంటోందో తెలీకుండానే అంది, దేవుడు మీ ఉపవాసం స్వీకరించాలి అని కూడా అంది, పెట్టేసింది. ఎవరి మీద అరవాలి? అతని మీదా? అతను చేసిందే సరైన పని. చీకటి గదిలో పుట్టి పెరిగిన జంతువుకి పన్నెండు గంటల వెలుగు తప్ప వేరే టైము లేదు, దాన్ని కదపకూడదని రెండేళ్ళ కిందట తనే గట్టిగా చెప్పింది. ఆయన కదపలేదు. కదిలింది తను. పుస్తకాలు చదివింది తను, కణాల గడియారం గురించి ముప్పై పేజీలు రాసింది తను, వెళ్ళి వెళ్ళి జేబులో ఫోను చూసి ఎలుకని కోసింది తను. ఫోను గోడకేసి కొడదామనిపించింది. దాని తప్పూ కాదు, దాని పని అది చేసింది. ఈ దేశంలో తప్ప ఇంకెక్కడా ఈ తప్పు జరగదు, ఈ నెలలో తప్ప ఇంకే నెలలోనూ జరగదు. అది తలుచుకుంటే నవ్వొచ్చేలా ఉంది. నవ్వితే తల పగిలేలా ఉంది.

పాలూ రొట్టెలూ పట్టుకుని ఫౌజీ వచ్చాడు. ఇఫ్తార్ ముందు వీధి మీంచి వచ్చే మనిషికి ఉండే చిరాకంతా మొహం మీద ఉంది, బేకరీ దగ్గర ఇద్దరు కొట్టుకున్నారట, టాక్సీవాళ్ళు అప్పుడే ఇళ్ళకి పారిపోయారట, నడిచి వచ్చాడట. పేపరు పంపేశావా అన్నాడు. ఆమె చెప్పింది. నేల పలకనే గడియారం అనుకుని ఒక శనగని ఏడు దగ్గర పెట్టి, ఇంకోటి ఆరు దగ్గర పెట్టి చూపించింది. లెక్కల మాస్టారు కాబట్టి మొదటిసారికే అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండేదని ఆమెకే అనిపించింది. కాసేపు రొట్టె సంచి ముడి విప్పుతూ కూర్చున్నాడు.

"గంట తేడా. ఎవరికి తెలుస్తుంది?"

"బా జిలాలీకి తెలుసు."

"ఆయనకేం తెలుసో ఆయనకే తెలీదు." సంచి పక్కన పెట్టాడు. "చూడు నుహైలా, ముసలివాటికి తక్కువే వస్తుందని ప్రపంచమంతా చెబుతోంది. నువ్వు లేనిది చెప్పట్లేదు. సరిగ్గా కొలిచినా అదే వచ్చేది. నక్షత్రాలు మూడు కాకపోతే రెండు."

పొయ్యి దగ్గర్నుంచి లల్లా కూడా అందుకుంది. ఏ గంటకి చూస్తే ఏముంది, ముసలి కళ్ళు ముసలి కళ్ళే, నన్నడిగితే ఎలుకని చంపకుండానే చెప్పేదాన్ని, అంది. ఫౌజీ నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. మూడేళ్ళుగా బట్టలు కొనుక్కోలేదు, ఆమె బస్సు పాసు మాత్రం ఒక్క నెల మానలేదు. అతను చెప్పేది నిజమే కావచ్చు, అదే చంపుతోంది. అబద్ధమని తెలిస్తే చెరిపేసి కూర్చోవచ్చు. కావచ్చు అంటే ఏం చెయ్యాలి? కావచ్చు కోసమా పద్దెనిమిది ఎలుకల్ని రెండేళ్ళు పెంచింది? తోకల మీద గీతలతో అవి ఒక్కొక్కటీ తెలుసు. మూడు గీతలదానికి మేత పెట్టేలోపు చేతి మీదకి ఎక్కే అలవాటు. ఏడు గీతలది చివర్లో చూపు తగ్గి గోడ పక్కనుంచే నడిచేది. దానికి బా జిలాలీ తాసీల్దారు అని పేరు పెట్టాడు, ఎవర్నీ చూడదు, అందరూ తన్ని చూడాలనుకుంటుంది అని. ముసలి ఎలుక కావాలంటే కొనుక్కురాలేం, రెండేళ్ళు ఎదురుచూడాలి. మళ్ళీ రెండేళ్ళు. ముప్పై రెండు. అప్పటికి ఆ పోస్టులో ఎవరో కూర్చుని ఉంటారు, మెట్ల మీద రెప్ప లాగి చూపించేవాళ్ళు అలాగే ఉంటారు, ఈ గిన్నె ఇలాగే ఉంటుంది. పంపేస్తే? పంపేస్తే ఒక్క వాక్యం. కళ్ళను వెలుగు వచ్చిన గంటన్నరకి సేకరించాం. ఎనిమిదో పేజీలో, చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట. సేకరించాం అని రాసింది, ఆ మాట చివరి ‘అం’లో లహ్లూ ఉన్నాడు, బా జిలాలీ ఉన్నాడు, తాసీల్దారు కూడా ఉన్నట్టే ఉంది. ఫోను మోగింది. లహ్లూ. మోగనిచ్చింది. శనగలు అయిపోయాయి, పొట్టు పళ్ళెం నిండుగా ఉంది, చూస్తే గింజల కంటే పొట్టే ఎక్కువనిపిస్తుంది.

గిన్నె అందుకుంటూ లల్లా ఒక చెయ్యి కోడలి భుజం మీద వేసింది, మెట్టు ఎక్కడో కనపడక ఆసరాకి వేసిందే కానీ, వేశాక తియ్యలేదు. పొద్దున పక్కింటి ఆవిడ అడిగిందట, కోడలు ఇంట్లో ఏం చేస్తుంది, ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటుంది అని. నువ్వు పదకొండింటికి వస్తావు, నా కోడలు తెల్లారకముందే చేసే పని నీకేం తెలుసు అన్నాను బిడ్డా, అంది లల్లా. అని శనగలు సూపులో పోసింది. ఆ మాట నుహైలా విన్నట్టే వింది, గుడ్లు నీళ్ళలోంచి తీసి పెంకు కొట్టింది, మొదటి గుడ్డు వలిచింది, రెండోది చేతిలోకి తీసుకుంది. పదకొండింటికి వస్తుంది. వచ్చి కూర్చుని ఉండటం చూస్తుంది. కూర్చునే ఉంటుందని చెబుతుంది. తను ముసలి ఎలుకలకి చేసిందీ అదేగా. వాటి కణాలు తెల్లారి లేచి మింగాల్సింది మింగి, కరిగించాల్సింది కరిగించి, అంట్లు తోమి బోర్లించి ఒక్క క్షణం కూర్చున్నాయేమో. అప్పుడు తలుపు తీసుకుని వచ్చింది తను. చూడండి, ఇవి పని చెయ్యవు, వయసైపోయింది అని రాసింది, మీద మూడు నక్షత్రాలు పెట్టింది. అవి నిజంగా చతికిలబడ్డాయా, పని ముగించి కూర్చున్నాయా, ఆ మూడో బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. తనూ చెప్పలేదు. ఎలా తెలుస్తుంది, ముసలివి లేవు. చచ్చినవాటిని మళ్ళీ ఎనిమిదిన్నరకి కొయ్యలేం.

పెంకు ముక్క గోటి కింద గుచ్చుకుంది. ముసలివి లేవు. పడుచువి ఉన్నాయి. ఎలుకల గదిలో అవతలి వరసలో ఇంకా పన్నెండు పడుచు ఎలుకలున్నాయి, జనవరివాటి తోబుట్టువులే. తలుపు తప్పు సమయానికి తీసింది ముసలివాళ్ళ ఇంట్లో మాత్రమే. అదే తప్పు సమయానికి పడుచువాళ్ళ ఇంటి తలుపూ తీస్తే? రేపు పొద్దున, ఫోను ఎనిమిదిన్నరకి, అంటే దీపాలు వెలిగిన రెండున్నర గంటలకి. పడుచువీ కూర్చునే ఉంటే ముసలివాటికి ఏ లోటూ లేనట్టే, మూడేళ్ళు గాలికి పోయినట్టే. పడుచువి ఇంకా పని చేస్తూ కనిపిస్తే మాత్రం తేడా నిజం, గంటన్నరది కాదు, వేరే తేడా, కానీ నిజం. నాలుగు రోజుల పని. రెండేళ్ళు కాదు, నాలుగు రోజులు. సదస్సు పోతుంది, లహ్లూ అరుస్తాడు, పోస్టు ఏమవుతుందో తెలీదు. కానీ తెలుస్తుంది. ఇంత సులువైనది గంటసేపు తట్టలేదేమిటి, ఉపవాసం ఉంటే బుర్ర కూడా ఉపవాసమేనా? మొదటిసారి తలనొప్పి వదిలినట్టనిపించింది. దీపాలు ఇన్నాళ్ళూ వెలిగినట్టే రేపూ ఆరింటికి వెలిగితే చాలు, గడియారాన్ని ఎవరూ ముట్టుకోకపోతే చాలు.

సూపు తాగి కిందకి వెళ్ళి ముల్లు గంట జరిపితే సరి.

సరే బా జిలాలీ అంది తను. సరే అంది. చేతులు తుడుచుకోకుండానే ఫోను అందుకుంది. చేస్తే బా జిలాలీది ఆపేసి ఉంది. మళ్ళీ చేసింది. రంజాన్‌లో అతను అజాన్‌కి పావుగంట ముందు ఫోను ఆపేసి రాత్రి నమాజయ్యాకే తీస్తాడు, అది కాలేజీలో అందరికీ తెలుసు, తనకీ తెలుసు. గేటు కాపలావాళ్ళ నెంబర్లు ఎవరి దగ్గరున్నాయి? లహ్లూ దగ్గర. లహ్లూకి చేస్తే ముందు పేపరు అడుగుతాడు. ముల్లు ఒక్కసారి జరిగితే రేపటి వెలుగు గంట ఆలస్యంగా వస్తుంది, కణాలేమో పాత టైముకే ఎదురుచూస్తుంటాయి, ఏది దేనికి సరిపోల్చాలో ఆ దేవుడికే తెలియాలి, మళ్ళీ కుదురుకోవడానికి వారమో రెండు వారాలో. బా జిలాలీ పని వాయిదా వేసే మనిషి కాదు. మొదటి గిన్నె సూపు తాగి, పని చూసుకొచ్చి, రెండో గిన్నెకి కూర్చుంటాడు. మొదటి గిన్నె ఎంతసేపు? కాలేజీకి నడిస్తే ఇరవై నిమిషాలు. పరిగెత్తితే పన్నెండు. టాక్సీలు లేవు, ఇప్పుడు ఈ ఊళ్ళో కదిలే చక్రం ఒక్కటి ఉండదు.

సైరను కూసింది, దాని వెనకే మసీదులన్నీ ఒకదాని మీద ఒకటి అందుకున్నాయి. ఫౌజీ ఖర్జూరాల పళ్ళెం ముందుకి జరిపాడు, లల్లా పెదాలతో దువా చదువుకుంటూ గరిటె ముంచింది, మొదటి గిన్నె ఎప్పుడూ కోడలికే పోస్తుంది. ఆవిరి లేచింది. తెల్లారకముందు నుంచీ నోట్లో చుక్క నీరు లేదు. నుహైలా ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని సగం గ్లాసు నీళ్ళు తాగింది, లేచి పక్క గదిలోకి వెళ్ళింది. పంపాల్సిన పేజీ ఇంకా తెరిచే ఉంది. మూసేసింది. వంటపని గుడ్డ విప్పకుండా దాని మీదే పొడుగు అంగీ, జెల్లాబా, తొడుక్కుంది, జుట్టు మీద స్కార్ఫు లాక్కుంది. ముందు గదిలో ఫౌజీ చెంచా ఆపి చూస్తున్నాడు.

"ఎక్కడికి ఇప్పుడు? కూర్చో, సూపు తాగు ముందు."

లల్లా కూడా తలెత్తి అలికిడి వచ్చిన వైపు చూసింది. నోరు తెరిస్తే చెప్పాలి, చెబితే ఫౌజీ దగ్గర జవాబుంటుంది, మంచి జవాబే ఉంటుంది, అది వింటే తను కూర్చుంటుంది, కూర్చుంటే గిన్నె దగ్గరికి లాక్కుంటుంది. నుహైలా చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఖర్జూరం గింజని చెంపలోకి నెట్టుకుని, తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగిపోయింది.